గమనికల గడి

సోఫియాకి గర్వం ఉందా అంటే ఉంది. దాచుకునే రకం కూడా కాదు. నర్సీపట్నం ఆఫీసులో ఆ సంగతి అందరికీ తెలుసు గానీ, గర్వానికి తగ్గ చాకిరీ చేస్తుంది కాబట్టి ఎవరూ పల్లెత్తు మాట అనేవారు కారు.

ఆఫీసంటే బస్ కాంప్లెక్సు వెనక, ఎరువుల కొట్టు మీద రెండు గదులు. బోర్డు మీద ‘వనజల పరిశీలన పథకం’ అని ఉంటుంది. మూడు రక్షిత వనాలు, వాటిలో పారే ఇరవై రెండు గెడ్డలు, అంటే కొండవాగులు. గెడ్డకొక స్టేషను, స్టేషనుకొక వాచరు. వాచరు వారానికోసారి వెళ్ళి నీటి వేడి ఎంతో, పీహెచ్ ఎంతో అక్కడికక్కడే చూసి ఫారం మీద రాయాలి. ఒక సీసా నిండా నీళ్ళు పట్టి, ఫారంతో సహా బస్సుకి వేయాలి. ఆఫీసు రెండో గదిలో ఉన్న మిషను ఆ నీళ్ళలో బురద ఎంతుందో అంకె చెబుతుంది. ఈ అంకెలన్నీ కంప్యూటరెక్కించి ఏ గెడ్డ బాగుంది, ఏది పాడవుతోంది అని పైవాళ్ళకి చూపించడం సోఫియా పని. వినడానికి ఇంతే. చేయబోతే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

ఆమె వచ్చిన కొత్తలో ఒకాయన తేదీ వేసేవాడు కాదు. ఒకాయన సీసాకి చీటీ అంటించేవాడు కాదు. ఇంకొకాయన నాలుగు వారాల సీసాలు మూటగట్టి ఒక్కసారే దింపేవాడు. అందర్నీ బతిమాలి, బెదిరించి, కూర్చోబెట్టి నేర్పి, తానే ఒక డేటాబేసు కట్టింది. ఇప్పుడు బటన్ నొక్కితే మూడు వనాలూ మ్యాపు మీద రంగు చుక్కలతో లేస్తాయి. మంచి నీళ్ళకి ఆకుపచ్చ, పాడైన నీళ్ళకి ఎరుపు.

ఆ చుక్కల్లో ఆమెకి ముద్దుబిడ్డ తొమ్మిదో నంబరు, కొండజాజి గెడ్డ. మూడేళ్ళలో బురద అంకె ఒక్కసారి కూడా రెండు దాటలేదు. దాన్నే కొలబద్దగా పెట్టి మిగతా ఇరవై ఒక్క గెడ్డలకీ మార్కులు వేసేది. దానికి ‘కొండజాజి పట్టిక’ అని పేరు పెట్టి, విశాఖపట్నంలో సభలో చూపించి చప్పట్లు కొట్టించుకుంది. ఆ ఫోటోని వాళ్ళమ్మ ఎస్తేరమ్మ ఇంట్లో టీవీ పక్కన పెట్టుకుంది, వచ్చినవాళ్ళకి కనబడక చస్తుందా అన్నట్టు.

అలాంటి గెడ్డ మీద మంగళవారం పొద్దున్నే ఉత్తరం వచ్చి పడింది.

రాసినవాడు వీరేంద్ర, హెడ్డాఫీసు పంపిన తనిఖీ అధికారి. చదివినవాడు జగదీశ్వరరావు గారు, ఈ ఆఫీసుకి పెద్ద. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది, గొడవ అంటే ఆయనకి జ్వరం వస్తుంది.

“ఏటమ్మా ఇది?” అంటూ కాగితం సోఫియా ముందు పెట్టాడు.

ఉత్తరంలో సంగతి సూటిగా ఉంది. కిందటి అక్టోబరు తుఫానుకి చుట్టుపక్కల గెడ్డలన్నీ మూడొందలు దాటితే, తొమ్మిదో స్టేషనులో మాత్రం ఒకటి పాయింట్ ఎనిమిది. అదొక్కటే కాదు, మూడేళ్ళలో పెద్ద వానలు నలభై ఒకటి పడితే నలభై ఒక్కసార్లూ అదే కథ. ఎంత వాన పడ్డా బురద రాని గెడ్డ ఉండదు. వాచరు అడవిలోకి వెళ్ళకుండా ఇంటి దగ్గర బోరు నీళ్ళు పట్టి పంపుతున్నాడు. కాబట్టి శుక్రవారం సమావేశంలో అతన్ని పనిలోంచి తీసేయాలి, తొమ్మిదో స్టేషను రికార్డు మొత్తం చెరిపేయాలి.

సోఫియా ఒంటికాలి మీద లేచింది. “జోగులు గారా? బోరు నీళ్ళా? సార్, ఆ ఊళ్ళో అసలు బోరే లేదు.”

“బోరో నుయ్యో నాకు తెల్దు. వానొస్తే బురద రాదేటమ్మా? ఆ ఒక్క గెడ్డకే మినహాయింపేటి?”

సోఫియా ఉత్తరం మళ్ళీ చదివింది. మూడేళ్ళుగా ఆ అంకె చూసి మురిసిపోయిందే గానీ, ఇదెలా సాధ్యమని ఒక్కనాడూ అడగలేదు. చెడ్డ అంకె కనిపిస్తే పదిసార్లు ఫోను చేసి వాచరు ప్రాణం తీసేది. బాగున్న అంకెని ఎవరు అనుమానిస్తారు?

“రేపు బుధవారం. ఆయన నీళ్ళు పట్టే రోజు. నేనే వెళ్తాను సార్.”

“సెప్పకుండా వెళ్ళు. సెప్పేవంటే అంతా సర్దేస్తాడు.”

సరే అంది గానీ ఆ మాట ఆమెకి నచ్చలేదు. జోగులు నలభై దాటిన మనిషి. కొంచెం వరి పొలం, ఇంకొంచెం జీడితోట ఉన్నాయి. వాటికంటే ఈ వాచరు పనంటేనే అతనికి ప్రాణం. ట్రైనింగులో ముందు వరసలో కూర్చుని, చెప్పిన ప్రతి ముక్కా రాసుకున్నాడు. పథకం వాళ్ళు ఇచ్చిన ఖాకీ చొక్కా పెళ్ళిళ్ళకి కూడా వేసుకెళ్తాడని మిగతా వాచర్లు ఏడిపిస్తుంటారు. ఇలాంటివాడు ఇంట్లో కూర్చుని మోసం చేశాడంటే నమ్మడం కష్టం. నమ్మకపోతే ఆ అంకెలకి అర్థం చెప్పడం అంతకంటే కష్టం.

ఆ సాయంత్రం వాన దంచి కొట్టింది.

బుధవారం తెల్లారగానే సోఫియా బురద కొలిచే చిన్న మిషను సంచిలో పెట్టుకుని, అబీద్ సెంటర్లో షేర్ ఆటో ఎక్కి కృష్ణదేవిపేటలో దిగింది. అక్కణ్ణుంచి ఇంకో ఆటోలో, గుంతకో గెంతు చొప్పున జోగులు ఊరు వెలగలపాలెం చేరేసరికి ఎనిమిదైంది. జోగులు అప్పుడే ఖాకీ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వీధిలోకి వస్తున్నాడు.

“ఓలమ్మో, సోఫియమ్మగారా! ఫోనైనా సెయ్యకుండా వొచ్చీసినారేటండీ? బండేసుకుని పేటకొచ్చీవోణ్ణి కదా!”

ముఖంలో కంగారన్నది లేదు, సంతోషం తప్ప. దొంగ ముఖం ఇలా ఉండదని సోఫియాకి సగం ధైర్యం వచ్చింది. ఇద్దరూ నడిచి, జీడితోటలు దాటి, అరగంటలో అడవి అంచుకి చేరారు. చివరి మలుపు తిరగ్గానే కొండజాజి గెడ్డ కనిపించింది.

ఎర్రగా ఉంది. చిక్కటి ఎరుపు. రాత్రి వానకి కొండ మీది మట్టినంతా కలుపుకుని, ఎండుటాకులు, పుల్లలు మోసుకుంటూ పారుతోంది. సోఫియా ఇదివరకు రెండుసార్లు ఇక్కడికి వచ్చింది. రెండుసార్లూ జనవరిలోనే వచ్చింది. వానాకాలంలో తన ముద్దుబిడ్డ ముఖం చూడటం ఇదే మొదలు. సంచిలోంచి మిషను తీసి, గొట్టంలో కాసిని నీళ్ళు పట్టి పెట్టింది. మూడొందల పన్నెండు.

జోగులు అదేమీ పట్టించుకోలేదు. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, థర్మామీటరు ముంచి, పెదాల మీద అంకెలు లెక్కపెట్టుకుని, పైకి తీసి చూసి ఫారం మీద రాశాడు. పీహెచ్ కాగితం ముంచి, రంగు సరిపోల్చి అదీ రాశాడు. నేర్పినదానికి వీసమెత్తు తేడా లేదు. ఆ తర్వాత తెచ్చిన స్టీలు బిందె మూతికి పాత చీర ముక్క కట్టి, దాని మీదుగా నీళ్ళు నింపి భుజానికెత్తుకున్నాడు.

“సీసా ఏది జోగులు గారూ?”

“ఇంటికాడుందండి.”

“ఇక్కడే పట్టరా?”

“నీళ్ళిలాగుంటే ఎలా పడతామండీ? రండి, బేగి ఎల్దాం, ఎండెక్కిపోతాది.”

సోఫియా అతని వెనకే నడిచింది. ముందు అంతా చూడాలి.

ఇంటి దగ్గర అతని భార్య చిట్టితల్లి అరుగు తుడిచి చాప పరిచింది. పట్నం నుంచి ఆఫీసరమ్మ వచ్చిందని అప్పటికే ఊరంతా తెలిసినట్టుంది, పక్కింటి గోడ మీంచి నాలుగు తలకాయలు చూస్తున్నాయి. చిట్టితల్లి బిందె అందుకుని, అడుగున కొంచెం ఉంచి, నీళ్ళు ఒక మట్టికుండలోకి వంచింది. గూట్లో ఉన్న కొబ్బరిచిప్పలోంచి చొక్కా బొత్తామంత గింజ ఒకటి తీసి, కుండ లోపలి గోడకి గుండ్రంగా అరగదీయడం మొదలుపెట్టింది. ఒకటి అరిగిపోయాక ఇంకొకటి తీసింది. నాలుగో గింజ సగం అరిగాక చెయ్యి కడుక్కుని కుండ మీద మూత పెట్టింది.

సోఫియాకి ఆ గింజ తెలుసు. చిల్లగింజ. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో కూడా ఉండేది. అరగదీసి కలిపితే బురదంతా అడుక్కి దిగిపోయి, పైన నీళ్ళు తేటపడతాయి. ఊళ్ళలోకి ఫిల్టర్లు రాక ముందు చాలా ఇళ్ళలో తాగే నీళ్ళు ఇలాగే తేర్చుకునేవారు.

సోఫియా వాళ్ళు పెట్టిన చోడంబలి, అంటే రాగి అంబలి, తాగింది. పిల్లల చదువులు, జీడిపిక్కల ధర, ఏనుగుల భయం, అన్నీ మాట్లాడుకున్నారు. పొద్దు నడినెత్తికొచ్చాక చిట్టితల్లి కుండ మూత తీసి, గ్లాసు ముంచి అతిథికిచ్చింది. అద్దంలాంటి నీళ్ళు. సోఫియా గటగటా తాగేసింది. అంతలో చిట్టితల్లి ఆఫీసు సీసా తెచ్చి, ట్రైనింగులో చెప్పినట్టు ముమ్మారు కడిగి, అదే గ్లాసుతో అదే కుండలోంచి నీళ్ళు తీసి నింపింది. జోగులు చీటీ అంటించి, తేదీ, టైము వేసి బిరడా బిగించాడు.

సోఫియా సీసా అడిగి తీసుకుని మిషనులో చూసింది. ఒకటి పాయింట్ తొమ్మిది.

“చిట్టితల్లి గారూ, ఇలా ఎప్పట్నుంచి చేస్తున్నారు?”

“మొదట్నుంచీ ఇంతే కదండమ్మా. ఇంటికొచ్చినోళ్ళకి బురదనీళ్ళు ఇత్తామేటి? ఆపీసోళ్ళకయితే మరీను. అంత దూరం నుంచి మా గెడ్డ నీళ్ళు అడిగి మరీ తెప్పించుకుంటన్నారు. సూసి సీ అనుకుంటే మా ఊరికి పరువేటుంటాది?”

సోఫియాకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. విశాఖపట్నంలో చప్పట్లు కొట్టించుకున్న కొండజాజి పట్టిక, ఇరవై ఒక్క గెడ్డలకి కొలబద్ద, చిట్టితల్లి మర్యాదలోంచి పుట్టిందన్నమాట! అయితే నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మూడేళ్ళ అంకెలు. శుక్రవారం సమావేశం. ఎదురుగా ఈ మనిషి.

జరిగింది ఉన్నదున్నట్టు చెప్పింది. ఆఫీసుకి కావలసింది గెడ్డ ఎలా ఉందో అలాంటి నీళ్ళేనని, తేర్చిన నీళ్ళు పంపడం వల్ల బోరు నీళ్ళు పడుతున్నాడని ఉత్తరం వచ్చిందని చెప్పింది. చిట్టితల్లి చేతిలోని గ్లాసు కింద పెట్టేసింది.

“నా పని పోతాదేటండీ?” అన్నాడు జోగులు. ఆ వెంటనే, “దొంగన్నారేటండీ నన్ను?” అన్నాడు. మొదటి మాట కంటే రెండో మాట అతనికి ఎక్కువ తగిలింది.

ఆ ఊపునే అతను లోపలికెళ్ళి రేకుపెట్టి తెచ్చాడు.

“నానేటీ దాసలేదండి. సేసింది సేసినట్టు పెతీ వారం రాసినాను. సూడండి.”

ఫారాలు రెండేసి కాపీలు. తెల్లది ఆఫీసుకి, పచ్చది వాచరుకి. మూడేళ్ళ పచ్చ కాగితాలు, తేదీల వరసలో, పురికొసతో కట్టి ఉన్నాయి. ప్రతి దాని అడుగునా ‘గమనికలు’ అని ఒక గడి. ఆ గడిలో గుండ్రటి అక్షరాలు.

‘నీరు ఎరుపు. రెండు గింజలు అరిగినవి. తేరుటకు ఒక పూట పట్టినది.’

‘నీరు మామూలు. గింజ వేయలేదు.’

‘తుఫాను. నీరు బాగా ఎరుపు. తొమ్మిది గింజలు. రెండు రోజులకు గాని తేరలేదు. అందువలన సీసా ఆలస్యమైనది, క్షమించగలరు.’

సోఫియా కాగితాలు తిప్పుతూ పోయింది. ఒక్క వారం తప్పలేదు. తిప్పేకొద్దీ ఆమెకి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. ఎందుకో ఆమెకే తెలుసు. డేటాబేసు కట్టిన మొదటి నెలలో ఈ గమనికలు నాలుగు చదివింది. ఒకరు మేక తప్పిపోయిందని రాశారు, ఒకరు దోమలెక్కువని రాశారు. చదివి నవ్వుకుని, కంప్యూటర్లో ఆ గడే లేకుండా చేసేసింది. కాగితాలు చూసి అంకెలెక్కించే వెంకటదుర్గతో, “కింద రాసే సోదంతా వదిలెయ్, మనకి అంకెలే కావాలి” అంది. ఆ రోజు ఎంత తెలివైన పని చేశాననుకుందో!

“మూడేళ్ళు మీరు రాశారు జోగులు గారూ. నేను చదవలేదు.”

“పెద్దోరు, మీకు బోల్డన్ని పనులుంటాయి కదండీ,” అన్నాడతను, ఆమెనే ఓదారుస్తున్నట్టు. దాంతో ఆమెకి ఉన్న కాస్త ముఖం కూడా చెల్లకుండా పోయింది.

లేచి నిలబడింది. “మీ పని పోదు.”

“మాటేనేటండీ?”

“మాటే.”

ఎలా నిలబెట్టుకోవాలో అప్పటికి ఆమెకే తెలియదు. కానీ సోఫియా మాటిచ్చిందంటే దారి తర్వాత వెతుక్కుంటుంది. బిందెలో అడుగున మిగిలిన ఎర్రనీళ్ళు ఒక సీసాలోకి, కుండలోని తేటనీళ్ళు ఇంకో సీసాలోకి పట్టుకుని ఆటో ఎక్కింది.

గురువారం పొద్దున్న ఆఫీసు బీరువా తెరిచారు. తెల్ల ఫారాలన్నీ కట్టలు కట్టలుగా, ఎలుకలు కూడా ముట్టకుండా భద్రంగా ఉన్నాయి. సోఫియా చదువుతుంటే వెంకటదుర్గ టైపు చేసింది. జోగులు ఫారాలు నూట యాభై ఒకటి. ప్రతి వారానికీ ఎన్ని గింజలు, ఎంతసేపటికి తేరింది అని ఎక్కించి, ఎదురుగా వాన లెక్క పెట్టి చూశారు. వాన పెరిగినప్పుడల్లా గింజలు పెరిగాయి. వాన లేని వారాల్లో గింజే లేదు. నలభై ఒక్క వానల్లో ఒక్కటి కూడా పక్కకి పోలేదు.

“మేడమ్, ఈయన రాసింది మన మిషను కంటే నయంగా ఉంది,” అంది వెంకటదుర్గ.

సోఫియా అక్కడితో ఆగలేదు. మిగతా స్టేషన్ల కట్టలు కూడా విప్పింది. చాలావాటిలో ‘ఏమియు లేదు’ అనే ఉంది. మేకలూ దోమలూ కూడా ఉన్నాయి. అయితే పదిహేడో స్టేషను, నల్లమామిడి గెడ్డ కాగితం ఒకటి చేతికొచ్చింది. పద్నాలుగు నెలల కిందటిది. ‘ఎవరో పైన మందు కలిపినారు. చేపలు చచ్చి తేలినవి. నేను సీసా పట్టేటప్పటికి నీరు మామూలైనది.’ మ్యాపు మీద నల్లమామిడి చుక్క ఆ వారం ఆకుపచ్చగానే ఉంది. ఈ రోజుకీ ఆకుపచ్చే.

సోఫియా ఆ కాగితం కట్టలోంచి తీసి పక్కన పెట్టుకుంది. ఆమెకి కోపం వచ్చింది. ఎవరి మీదో కాదు.

సాయంత్రం జగదీశ్వరరావు గారు కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు.

“సూడమ్మా, నేను సెప్పేది నీ మంచికే. వీరేంద్ర గారు రాసింది ఒప్పేసుకుందాం. వాచరు తప్పు సేశాడు, తీసేశాం, స్టేషను చెరిపేశాం. అక్కడితో అయిపోతాది. జోగులుకి పొలముంది, బతికేస్తాడు. నీ పేరు విశాఖపట్నం పోస్టుకి పంపించేను. ఇప్పుడు నువ్వెళ్ళి తప్పు నాదంటే ఆ కాగితం ఏటవుతాదో తెలుసా?”

తెలుసు. మూడు వనాలు కాదు, పదకొండు వనాల నీటి లెక్కలు చూసే పోస్టు అది. రెండేళ్ళుగా ఆమె కన్ను దాని మీదే ఉంది. లేదని అబద్ధమాడటం ఎందుకు? ఒక్క క్షణం మనసు అటు లాగింది కూడా.

“సార్, ఆయన మూడేళ్ళు నిజం రాశాడు. నేను దాన్ని సోది అన్నాను. ఇద్దర్లో ఎవర్ని తియ్యాలో మీరే చెప్పండి.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. “నువ్వు మొండిఘటానివమ్మా,” అన్నాడు చివరికి. “బేగి ఇంటికెళ్ళి పడుకో. రేపు గొంతు కావాలి.”

శుక్రవారం సమావేశానికి వీరేంద్ర పదిన్నరకల్లా వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి, మాట తక్కువ, ఫైలులో ప్రతి పేజీకీ రంగు చీటీలు అంటించుకొచ్చాడు. తనలాంటి మనిషేనని సోఫియా చూడగానే పోల్చుకుంది. ఆయన తన ఉత్తరంలో ఉన్నదంతా మళ్ళీ చదివి, “తొమ్మిదో స్టేషను గురించి మీరేమైనా చెప్పుకోవాలా?” అన్నాడు.

సోఫియా రెండు సీసాలు బల్ల మీద పెట్టింది. ఒకటి ఎర్రగా, ఒకటి తేటగా ఉన్నాయి.

“వీటిలో కొండజాజి నీళ్ళు ఏవండీ?” అంది.

“మీరు మాకు పంపే అంకెల ప్రకారం ఆ తేటది.”

“రెండూ కొండజాజివే. ఒకే బిందెలోవి. మధ్యలో నాలుగు చిల్లగింజలు, చిట్టితల్లి గారి మర్యాద.”

జరిగిందంతా చెప్పింది. గదిలో నవ్వులు లేచాయి. ఆమె కూడా నవ్వింది గానీ ఆగలేదు. ప్రొజెక్టరుతో గోడ మీద గ్రాఫు వేసింది. పైన వాన, కింద గింజలు. నవ్వులు వాటంతటవే తగ్గాయి. వీరేంద్ర లేచి గోడ దగ్గరికెళ్ళి, అక్టోబరు తుఫాను దగ్గర వేలు పెట్టాడు. పైన వాన గీత అన్నిటికంటే పొడుగు. కింద తొమ్మిది గింజలు.

“ఇంట్లో కూర్చుని కల్పించేవాడు వానకి తగ్గట్టు గింజలు లెక్కపెట్టి రాసి, ఆ కాగితం మనకే ఎందుకు పంపుతాడండీ?” అంది సోఫియా.

“మరి బురద అంకెలు?”

“పనికిరావు. ఒక్కటి కూడా పనికిరాదు. కానీ చెరపను. ‘తేర్చిన నీళ్ళు’ అని గుర్తు వేసి పక్కన పెడతాను. వేడి, పీహెచ్ ఆయన గెడ్డలో నిలబడి చూశాడు, నేను కళ్ళారా చూశాను, అవి ఉంటాయి. ఒక్కో గింజ ఎంత బురదని దింపుతుందో చిట్టితల్లి గారి చేతే పది కుండలు తేర్పించి మిషనుతో చూస్తాం. అప్పుడు ఏ వారం కొంచెం బురద, ఏ వారం బాగా బురద అన్నది అయినా దక్కుతుంది. కొండజాజి పట్టిక మాత్రం తప్పు. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఎవరెవరికి పంపామో అందరికీ నేనే ఉత్తరాలు రాస్తాను.” నల్లమామిడి కాగితం తీసి సీసాల పక్కన పెట్టింది. “ఇది కూడా చదవండి. చేపలు చచ్చిన వారం మన మ్యాపు ఆకుపచ్చగా ఉంది. వాళ్ళు చెబుతూనే ఉన్నారు, మనం వినలేదు.”

వీరేంద్ర చదివాడు. చదివి, పెన్ను తీశాడు. “తప్పు ఎవరిదని రాయమంటారు?”

“నాది. గమనికల గడి తీసేయించింది నేను. పేరు స్పష్టంగా రాయండి, సోఫియా అని.”

జగదీశ్వరరావు గారు సీలింగు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. వీరేంద్ర రాయాల్సింది రాసి, తన ఉత్తరంలో వాచరుని తొలగించాలన్న వాక్యం మీద అడ్డంగా గీత గీసి, పక్కన సంతకం పెట్టాడు. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, “ఆ పది కుండలు తేర్చే రోజు నాకూ కబురు పెట్టండి,” అన్నాడు.

విశాఖపట్నం పోస్టు కాగితం ఏమైందో చెప్పనక్కర్లేదు, వెనక్కొచ్చింది. సోఫియాకి బాధ కలిగింది. ఒక పూట అన్నం సహించలేదు. ఎస్తేరమ్మ మాత్రం టీవీ పక్కన ఫోటో తీయనంది. “పట్టిక తప్పయితే మాత్రం, నువ్వు నా కూతురివి కాపోయేవేటే?” అంది. సోఫియా జోగులుకి ఫోను చేసి, “మాట నిలబడింది” అని చెప్పిన రోజున అవతలి నుంచి చిట్టితల్లికి చెబుతున్న కేక వినబడింది, ఊరంతటికీ వినబడేంత గట్టిగా.

తరవాతి వారం డేటాబేసులోకి గమనికల గడి వచ్చింది. ఇరవై రెండు స్టేషన్లకీ వచ్చింది. చదవకుండా ముందుకి పోవడానికి వీల్లేకుండా సోఫియా దానికి ఒక తాళం కూడా వేసింది. అలవాటు ఎక్కడికి పోతుంది గనక, వంద అక్షరాలకి మించకూడదని ఒక హద్దు పెట్టింది.

గురువారం మధ్యాహ్నం తొమ్మిదో స్టేషను సీసా దిగింది. పేపరు చుట్టి, దాని మీద గుడ్డ చుట్టి, దాని మీద మళ్ళీ కవరు కట్టి ఉంది, నలుగురి కంటా పడకూడదన్నట్టు. విప్పితే లోపల ఎర్రటి నీళ్ళు. మిషను రెండొందల ఎనభై ఎనిమిది అంది. మ్యాపు మీద కొండజాజి చుక్క పుట్టిన తర్వాత మొదటిసారి ఎరుపెక్కింది. సోఫియా దాన్ని తృప్తిగా చూసుకుంది.

“మేడమ్, ఈయన రాసింది గడిలో పట్టట్లేదు,” అంది వెంకటదుర్గ. “వెనక పేజీ దాకా రాసేశాడు. నాలుగు ముక్కలు కొట్టి వదిలెయ్యనా?”

సోఫియా ఫారం అందుకుంది.

‘అమ్మగారికి నమస్కారములు. వాన పడినది. నీరు ఎరుపు. మీరు చెప్పినట్లే గెడ్డలోనే సీసా ముంచి పట్టినాము. గింజ వేయలేదు. ఇటువంటి నీరు మీకు పంపుటకు మా ఆవిడ ఒప్పుకొనలేదు. సీసా రెండుసార్లు తీసి దాచినది. మనసు చంపుకొని పంపుచున్నాము. ఏమీ అనుకోవద్దు. మా గెడ్డ ఎప్పుడూ ఇలాగే ఉండదు. తేటగా ఉన్న రోజున కబురు చేస్తాము, తమరు తప్పక రావలెను.’

రెండుసార్లు చదివింది. కళ్ళు తుడుచుకుని, వెంకటదుర్గని కుర్చీలోంచి లేపి తాను కూర్చుంది. ప్రోగ్రాము తెరిచి ఆ వంద అక్షరాల హద్దు తీసేసింది. నమస్కారముల దగ్గర్నుంచి రావలెను దాకా, ఒక్క ముక్క పొల్లు పోకుండా తానే టైపు చేసింది.

“ఇప్పుడు పట్టింది మేడమ్,” అంది వెనక నిలబడి చూస్తున్న వెంకటదుర్గ.